మిద్దె మీద రబ్బరు తాడు

నల్లగొండలో ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు నీడ కట్టాలి, గాలిదుమారానికి ఆ పట్టా ఎగిరిపోకుండా బిగించాలి. దానికి మా ఇంట్లో వాడేది రెండు చివరలా కొక్కేలున్న రబ్బరు తాడు. బండి వెనక బత్తాయిల సంచి కట్టేదీ అదే. నిరుడు మే నెలలో పట్టా బిగిస్తుంటే పిట్టగోడ ఊచ నుంచి కొక్కెం జారి నా కనుబొమ్మను చీల్చింది. అర అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ తాడు కొని రెండు వేసవులే అయింది, పై అల్లిక కొత్తదానిలాగే ఉంది. కోసి చూస్తే లోపలి రబ్బరు పోగులన్నీ అడ్డంగా పగిలి ఉన్నాయి. పైపై మెరుపు చూసి తాడు కొనకూడదని ఆ రోజే అర్థమైంది.

రబ్బరు అంటే చిక్కుపడిన పొడవాటి అణువుల గొలుసులు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి చూశాడు. గంధకం ఆ గొలుసుల మధ్య అక్కడక్కడా ముడులు వేస్తుంది, అందుకే సాగిన రబ్బరు మళ్లీ వెనక్కి వస్తుంది. లాగినప్పుడు గొలుసులు బారులు తీరతాయి, వదిలితే చిక్కులోకి తిరిగిపోతాయి. వెడల్పాటి రబ్బరు బ్యాండును పై పెదవికి ఆనించి చటుక్కున సాగదీయండి, వెచ్చగా తగులుతుంది. కాసేపాగి వదులు చేస్తే చల్లబడుతుంది. 1805లో ఈ సంగతి రాసిన ఇంగ్లండువాసి జాన్ గఫ్‌కు చూపు లేదు. స్పర్శతోనే పట్టుకున్నాడు!

సహజ రబ్బరు గొలుసుల్లో అడుగడుగునా జంట బంధాలుంటాయి, అంటే రెండు పరమాణువులను రెండేసి లంకెలు కలిపే చోట్లు. గాలిలోని ఓజోన్ వాటినే తెంచుతుంది. వాహనాల పొగ మీద ఎండ పడినప్పుడు నేలకు దగ్గరగా కూడా ఓజోన్ పుడుతుంది. వదులుగా ఉన్న రబ్బరులో ఈ దెబ్బ పైపొరతో ఆగుతుంది. సాగదీసి ఉంచినదాంట్లో ప్రతి గాయమూ నోరు తెరుచుకుంటుంది, పగులు లోపలికి పాకుతుంది. నా తాడు నెలల తరబడి మిద్దె మీద బిగిసే ఉంది మరి.

మా నాన్న పాత మోటారు ట్యూబును పట్టీలుగా కోసి సైకిలు క్యారియరుకు కట్టేవారు. అవి ఎండకు ఏళ్ల తరబడి ఆగేవి. చాలా ట్యూబులను బ్యూటైల్ రబ్బరుతో చేస్తారు, దాంట్లో జంట బంధాలు అతి తక్కువ. ఈపీడీఎం అనే నల్ల రబ్బరు గొలుసు వెన్నులో అసలే ఉండవు. మిద్దె మీద వాడేందుకైతే ఆ పేరు చెప్పి అడగండి.

అల్లిక తాడే కావాలంటే దుకాణంలోనే ఒకసారి సాగదీసి చూడండి. ఎక్కడైనా ఉబ్బుగానీ పల్చబడిన చోటుగానీ ఉంటే వద్దు. చేత్తో లాగితేనే విచ్చుకునే సన్న తీగ కొక్కెమూ వద్దు. మూత పడే కొక్కెం దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. మీటరు తాడును మీటరున్నరకు మించి లాగే అవసరం రాకుండా పొడవు ఎంచుకోవాలని నా లెక్క.

ఎందుకంటే పది కిలోల బలంతో అర మీటరు సాగిన తాడులో సుమారు 25 జౌళ్ల శక్తి దాగుంటుంది. కొక్కెం, దానితో పాటు ఎగిరే తాడు కలిపి వంద గ్రాములనుకుంటే, ఆ శక్తంతా వేగంగా మారినప్పుడు గంటకు 80 కిలోమీటర్లు! కట్టేటప్పుడు ముఖం ఆ దారిలో ఉండకూడదు. విప్పేటప్పుడు కొక్కేన్ని పిడికిట్లో పట్టుకునే వదులు చేయాలి.

గ్యాస్ సిలిండరును మాత్రం దీంతో కట్టకండి. 14.2 కిలోల గ్యాసుతో నిండిన సిలిండరు ముప్పై కిలోల దాకా తూగుతుంది. బ్రేకు వేసినప్పుడు తాడు సాగి దాన్ని ముందుకు వదులుతుంది. బరువుకు పెద్దగా సాగని పాలియెస్టర్ తాడే సరైనది.

ఇప్పుడు మా పట్టాకు మూడు మూలలా నైలాన్ తాళ్లే. గాలి విసురు ఓర్చుకోవడానికి నాలుగో మూలన మాత్రం జానెడు ట్యూబు పట్టీ కట్టాను. కొత్త రబ్బరు తాడు బండి డిక్కీలో, వదులుగా చుట్ట చుట్టి ఉంది.