లగ్జరీ క్రూయిజ్‌లో పిల్లలు: అపోహలు, అసలు సంగతులు

ఓడలో రిసెప్షన్ కౌంటర్ దగ్గర నాకు తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. "ప్రశాంతంగా గడుపుదామని ఇంత డబ్బు పోసి వచ్చాం. ఇక్కడా పిల్లల గోలేనా?" అని ఒకరు. "మా పిల్లలకూ టికెట్ కొన్నాం కదండీ, అందరూ మమ్మల్నే గుర్రుగా చూస్తారేంటి?" అని ఇంకొకరు. లగ్జరీ ఓడల్లో పిల్లల కార్యక్రమాలు, కుటుంబాల అవసరాలు చూసుకోవడం నా ఉద్యోగం కాబట్టి ఇద్దరి గోడూ నేనే వినాలి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చిక్కల్లా, ఇద్దరూ ఆ ఓడ గురించి ఏదో ఊహించుకుని ఎక్కేశారు. గొడవ బయటపడేది సముద్రం మీదే అయినా, చాలాసార్లు దానికి బీజం పడేది టికెట్ బుక్ చేసిన రోజునే.

అపోహ: లగ్జరీ ఓడల్లో పిల్లలు ఉండరు

టికెట్ ఖరీదైనంత మాత్రాన పిల్లలు ఉండరని కాదు. పిల్లలు అస్సలు వద్దనుకునేవాళ్లకు వేరే ఓడలున్నాయి. వైకింగ్, వర్జిన్ వాయేజెస్ కంపెనీలు 18 ఏళ్లు నిండనివాళ్లను ఎక్కించుకోవు. పీ అండ్ ఓ వాళ్ల ఆర్కేడియా, అరోరా కూడా పెద్దవాళ్ల ఓడలే. సిల్వర్‌సీ, సీబోర్న్, రీజెంట్, ఎక్స్‌ప్లోరా అనే లగ్జరీ కంపెనీలు మాత్రం పిల్లల్ని తీసుకుంటాయి. వీటిలో సిల్వర్‌సీ, సీబోర్న్ ఒక ప్రయాణంలో మూడేళ్లలోపు పిల్లలు ఎంతమంది ఉండొచ్చో పరిమితి పెట్టే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నాయి. బుకింగ్ షరతుల్లో ఈ ముక్క ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ప్రశాంతతే ముఖ్యమైతే కంపెనీ పేరుతో పాటు తేదీలూ చూసుకోండి. జూలై, ఆగస్టు, క్రిస్మస్ సెలవుల్లో మధ్యధరా, కరీబియన్ వైపు వెళ్లే వారం రోజుల ట్రిప్పుల్లో పిల్లలు ఉండి తీరతారు. అదే ఓడ బడులు నడిచే రోజుల్లో రెండు మూడు వారాల ప్రయాణానికి బయల్దేరితే ఒకరిద్దరు కనిపించడమే ఎక్కువ.

అపోహ: ఎంత ఖరీదైన ఓడ అయితే పిల్లలకు అంత బాగుంటుంది

నన్ను అడిగితే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే.

ఓడ టన్నేజీ అంటే బరువు అనుకుంటారు చాలామంది. కాదు, గ్రాస్ టన్నేజీ అనేది ఓడ లోపల చోటు ఎంత ఉందో చెప్పే లెక్క. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఎంత చోటు దక్కుతుందో ఒక అంచనా వస్తుంది. 2024లో వచ్చిన రాయల్ కరీబియన్ వాళ్ల భారీ ఓడ ఐకాన్ ఆఫ్ ద సీస్ గ్రాస్ టన్నేజీ 2,48,663. గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది పడతారు. అంటే మనిషికి సుమారు 44. సిల్వర్‌సీ వాళ్ల సిల్వర్ నోవా టన్నేజీ 54,700, ప్రయాణికులు 728 మంది. మనిషికి సుమారు 75. ఈ అంకె చూపించి "మా ఓడ ఎంత విశాలమో చూడండి" అంటారు అమ్మేవాళ్లు. అబద్ధమేమీ కాదు.

అయితే పిల్లలకు కావాల్సింది ఆ విశాలం కాదు. ఐకాన్‌లో చిన్నపిల్లలున్న కుటుంబాల కోసం సర్ఫ్‌సైడ్ అని ఒక పేటే కట్టారు. ఓడ మొత్తంలో ఏడు పూల్స్ ఉన్నాయి. ఒకచోట గోలగా ఉందనిపిస్తే లేచి ఇంకోచోటికి పోవచ్చు. చిన్న లగ్జరీ ఓడలో సాధారణంగా ప్రధానమైన పూల్ ఒక్కటే. దాని చుట్టూనే పుస్తకం చదువుకునేవాళ్లు, కునుకు తీసేవాళ్లు, మధ్యాహ్నం భోజనం చేసేవాళ్లు. మనిషికి దక్కే చోటు ఎక్కువే, పోవడానికి చోట్లే తక్కువ. ఆరేళ్ల పిల్లాడు కేక పెట్టి పూల్‌లోకి దూకితే పెద్ద ఓడలో ఆ కేక ఎవరికీ పట్టదు, ఇక్కడ డెక్ మీదున్న తలలన్నీ అటు తిరుగుతాయి. పిల్లాడు రెండుచోట్లా ఒకేలా ఉన్నాడు. ఓడ తేడా, అంతే.

కిడ్స్ క్లబ్ సంగతీ ఇలాంటిదే. ఎక్స్‌ప్లోరాలో 6 నుంచి 17 ఏళ్లవాళ్లకు క్లబ్ ఉంది. రీజెంట్‌లో ఎంపిక చేసిన ప్రయాణాల్లోనే పిల్లల కార్యక్రమాలు నడుస్తాయి. నడవడం నేర్చుకుంటున్న పిల్లలకు ఈ తరహా ఓడల్లో పెద్దగా ఏమీ ఉండదు. క్యూనార్డ్ కంపెనీ ఒక మినహాయింపు, ఆరు నెలలు దాటిన పసివాళ్లకు అక్కడ రాత్రిపూట నర్సరీ ఉంటుంది. బుక్ చేసేటప్పుడు "కిడ్స్ క్లబ్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. ఉందనే చెప్తారు. మీరు వెళ్లే తేదీల్లో అది తెరిచి ఉంటుందా, నడిపే సిబ్బంది ఆ ప్రయాణంలో ఉంటారా, మీ పాప వయసువాళ్లను తీసుకుంటారా, డైపర్ మానకపోయినా పర్లేదా, ఈ నాలుగూ అడగండి.

నా అభిప్రాయం కావాలంటే, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలతో ఈ ఓడలెక్కడం డబ్బు దండగ. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటి, కాస్త పుస్తకాల పిచ్చి, పెద్దవాళ్లతో కబుర్లు చెప్పే అలవాటు ఉన్న పిల్లలైతే మాత్రం వాళ్లకి రాజభోగమే. సిబ్బంది అందరికీ వాళ్ల పేర్లు రెండో రోజుకే వచ్చేస్తాయి.

అపోహ: గదిలో మంచం ఉంది కాబట్టి ఇంకో పిల్లాడు పట్టేస్తాడు

ఓడలో తలల లెక్క మంచాలతో తేలదు, లైఫ్‌బోట్ సీట్లతో తేలుతుంది. ప్రతి గదికీ ప్రమాద సమయంలో చేరాల్సిన చోటు, ఎక్కాల్సిన బోటు ముందే ఖరారై ఉంటాయి. మీ గది వైపున్న బోట్లు నిండిపోతే సోఫా బెడ్ ఖాళీగా ఉన్నా మూడో మనిషికి చోటు ఇవ్వరు. ఒళ్లో కూర్చునే పసిపాపైనా అక్కడ ఒక తల కిందే లెక్క. కుటుంబాలు ముందుగా బుక్ చేసుకోవాలని మేం పోరేది ఇందుకే.

24 గంటలు, అంతకుమించి సాగే ప్రయాణాల్లో ఓడలో ఉన్న ప్రతి శిశువుకూ శిశువు సైజు లైఫ్‌జాకెట్ ఉండాలన్నది సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందంలోని నిబంధన. గదిలోకి రాగానే అల్మారా తెరిచి చూసుకోండి. పెద్దవాళ్లవే కనిపిస్తే భద్రతా డ్రిల్ మొదలయ్యేదాకా ఆగకుండా మీ గది చూసుకునే స్టీవార్డ్‌ని అడగండి.

అపోహ: స్విమ్ డైపర్ వేస్తే పూల్‌లో దించొచ్చు

కుదరదు. స్విమ్ డైపర్ గట్టిపదార్థాన్ని కాసేపు ఆపుతుందేమో గానీ సూక్ష్మక్రిములను ఆపలేదు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను తనిఖీ చేసే, ఆ దేశ ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ల వెసెల్ శానిటేషన్ ప్రోగ్రామ్ నియమాల ప్రకారం, డైపర్ మానని పిల్లలు వాళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన నీటి ఆటస్థలాల్లో తప్ప మరే పూల్‌లోనూ, హాట్ టబ్‌లోనూ దిగకూడదు. పెద్ద ఓడల్లో అలాంటివి కడతారు. చిన్న లగ్జరీ ఓడల్లో సాధారణంగా ఉండవు.

"కాళ్లే కదమ్మా తడుపుతున్నాను" అన్నారు ఒక అమ్మమ్మగారు, మనవడిని పూల్ మెట్టు మీద నిలబెట్టి. ఆవిడ ఆ మాట పూర్తిచేసేలోపు వాడు నడుముల్లోతు నీళ్లలో ఉన్నాడు. పసివాళ్లతో పూల్ అంచు ఇలాగే ఉంటుంది. ఏదైనా జరిగిందంటే పూల్ మూసేసి శుద్ధి చేయాలి, దానికి గంటలు పడుతుంది. ఉన్న ఒక్క పూల్ మూతపడితే ఓడ మొత్తానికి దాని కారణం తెలిసిపోతుంది, ఆ కుటుంబానికి భోజనాల దగ్గర తలెత్తుకోవడం కష్టమవుతుంది. కాళ్లు తడిపినందుకు కూడా మేం అడ్డుపడేది అందుకే. గదిలో బాత్‌టబ్ ఉంటే పసివాళ్లకు అదే సముద్రం.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. హ్యాండ్ శానిటైజర్ రాసుకుంటే చాలనుకోవడం తప్పు. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్లే గతి. బఫేలో గరిటెలు పట్టుకునే ముందు పిల్లల చేతులు కడిగించండి, వచ్చాక మళ్లీ కడిగించండి. పిల్లాడు వాంతి చేసుకుంటే "గదిలో కూర్చోబెట్టేస్తారు" అన్న భయంతో దాచేవాళ్లున్నారు. దాస్తే వాడి తమ్ముడికి, పక్క టేబుల్‌కి, చివరికి మా సిబ్బందికి పాకుతుంది. తగ్గాక కూడా రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం అంటించే అవకాశం ఉంటుంది.

అపోహ: డిన్నర్‌కి పిల్లల్ని తీసుకెళ్తే పరువు పోతుంది

పరువు తీసేది పిల్లలు కాదు, భోజనం సాగే తీరు. ఈ ఓడల్లో రాత్రి భోజనం ఒక్కో వంటకంగా, నిదానంగా రెండు గంటలు నడుస్తుంది. ఆకలితో వచ్చిన పిల్లాడి ముందు నలభై నిమిషాల పాటు ఖాళీ ప్లేటు ఉంటే వాడు చెంచాతో గ్లాసు వాయించక ఏం చేస్తాడు?

కూర్చోగానే వెయిటర్‌తో "పిల్లల తిండి మా మొదటి వంటకంతో పాటే తెచ్చేయండి" అని చెప్పండి. రెస్టారెంట్ తెరిచే సమయానికే వెళ్లండి, గోడవారగా లేదా తలుపు దగ్గర టేబుల్ అడగండి. మీ రెండో వంటకం వచ్చేసరికి వాడు తినడం ముగించి ఉంటాడు, ఐస్‌క్రీమ్ వచ్చేలోగా మీరూ సగం తినేసి ఉంటారు. మిగతాది గదికి పంపమంటే పంపుతారు. అందులో నామోషీ ఏమీ లేదు. మెనూలో లేనివి కూడా పొద్దునే చెప్తే రాత్రికి చేసిపెడతారు. మెత్తగా చేసిన కూరగాయలు, ఉప్పు లేని సూప్ లాంటివి వంటగదివాళ్లకు పెద్ద పని కాదు. పాలపొడి, డైపర్లు మాత్రం ఓడ దుకాణంలో దొరుకుతాయని నమ్ముకోకండి, ఇంటి దగ్గరే లెక్కవేసి తెచ్చుకోండి.

అపోహ: గోల చేసే పిల్లల తల్లిదండ్రులకు మొహం మీదే చెప్పేయాలి

ఒకసారి ఒక పెద్దాయన గది బయట రోజూ తెల్లవారుజామున ఇద్దరు పిల్లలు కారిడార్‌లో పరుగులు పెట్టేవాళ్లు. ఓడల గది తలుపులు అగ్నిప్రమాద నిబంధనల వల్ల బరువుగా ఉంటాయి, వాటంతటవే మూసుకుంటాయి. పిల్లలు వదిలేస్తే ధడేల్‌మంటాయి. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు ఆయన వెళ్లి వాళ్ల తలుపు కొట్టారు. మాటా మాటా పెరిగింది. ఇక తల్లి మాతో మాట్లాడటానికే సిద్ధంగా లేదు, పెద్దాయనకు క్షమాపణ కావాలి.

కూర్చుని అడిగితే తేలింది ఏమిటంటే, పిల్లలకు సమయం తేడాతో నిద్ర చెడి ఐదింటికే మెలకువ వస్తోంది. తల్లి వాళ్లను గదిలోంచి బయటికి పంపుతోంది, చంటిపాప లేస్తుందని. పొద్దునే తెరిచే కాఫీ బార్ ఇంకో చివర ఉంది. స్టీవార్డ్ వాళ్లను అటు తీసుకెళ్లి పాలు, బిస్కెట్లు ఇప్పించే ఏర్పాటు చేశాం. కారిడార్ సద్దుమణిగింది. ఇదే మాట పెద్దాయన మొదటి రోజు కౌంటర్‌లో చెప్పి ఉంటే ఐదు నిమిషాల పని. తోటి ప్రయాణికుడు చెప్తే అది నింద అవుతుంది, సిబ్బంది చెప్తే ఓడ నియమం అవుతుంది. అందుకే మాతో చెప్పించండి, మా జీతం అందుకే.

అలాగని పెద్దవాళ్లకు కేటాయించిన డెక్ మీద "ఐదు నిమిషాలే" అంటూ పిల్లల్ని కూర్చోబెట్టుకునే తల్లిదండ్రుల్ని నేను వెనకేసుకురాను. ఓడలో పిల్లలు లేని మూల అదొక్కటే కావచ్చు.

అపోహ: పసిపిల్లలకు సముద్రం పడదు

రెండేళ్లలోపువాళ్లకు ఓడ కుదుపుతో తల తిరగడం అరుదు. ఎక్కువగా ఇబ్బంది పడేది రెండు నుంచి పన్నెండేళ్ల మధ్యవాళ్లు. గది కింది డెక్‌లో, ఓడ మధ్యలో తీసుకుంటే ఊపు తక్కువ.

అపోహ: ఓడలో డాక్టర్ ఉంటారు కాబట్టి ఎంత చిన్న పాపనైనా తీసుకెళ్లొచ్చు

డాక్టర్ ఉంటారు, మంచివాళ్లే. కానీ ఓడలోని వైద్య కేంద్రం ఆసుపత్రి కాదు, పిల్లల వైద్య నిపుణులు ఉంటారనుకోకూడదు. అందుకే చాలా కంపెనీలు ఆరు నెలలు నిండనివాళ్లను ఎక్కించుకోవు. మహాసముద్రాలు దాటే ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. క్యూనార్డ్ వాళ్ల ఓడ క్వీన్ మేరీ 2 అట్లాంటిక్ దాటే ప్రయాణాలకు కూడా ఏడాది నియమమే. నడిసముద్రంలో పాపకు ఒళ్లు కాలిపోతుంటే హెలికాప్టర్ అందుకోలేనంత దూరంలో ఉండొచ్చు. "పదకొండు నెలల ఇరవై రోజులండీ, పదిరోజులే కదా తక్కువ" అని రేవులో బతిమాలితే ఎవరూ ఏమీ చేయలేరు. వయసు చూసేది బయల్దేరే తేదీ నాటికి.

అపోహ: బాల్కనీ గది పిల్లలకు ప్రమాదం

రెయిలింగ్ గురించి భయపడేవాళ్లు కుర్చీ గురించి ఆలోచించరు. అమెరికా 2010లో చేసిన చట్టం ప్రకారం రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లు ఉండాలి. నిలబడ్డ నాలుగేళ్ల పిల్లాడికి అది సాధారణంగా తల దాకా, ఇంకా పైకే వస్తుంది. దాని పక్కన కుర్చీయో టేబులో ఉంటే అంతా మారిపోతుంది. స్టీవార్డ్‌కి చెప్తే బాల్కనీ కుర్చీలు, టేబుల్ తీసేస్తాడు, అడగడానికి మొహమాటపడకండి. తలుపు గొళ్లెం పిల్లలకు అందనంత ఎత్తులో ఉందో లేదో మీరే తీసి, వేసి చూడండి. మీరు స్నానానికి వెళ్లేముందు ఆ గొళ్లెం వేసి వెళ్లండి.