ఆలిస్ స్ప్రింగ్స్: గీసిన చేతికి దక్కని హక్కు

ఉలూరు అనే ఎర్రటి పెద్ద రాతి కొండ చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆలిస్ స్ప్రింగ్స్ దారిలో తగిలే ఊరు మాత్రమే. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎడారిలో ఉన్న ఆ ఊళ్లో అరలూయెన్ కల్చరల్ ప్రిసింక్ట్ ఉంది. ఒకే ఆవరణలో ఆర్ట్ గ్యాలరీలు, మ్యూజియం, స్ట్రెలో పరిశోధన కేంద్రం, పాత విమానాల హ్యాంగర్. వాటి మధ్యలోనే స్థానిక అరండ ప్రజలకు పవిత్రమైన స్థలాలూ ఉన్నాయి. ఇక్కడ ఏది అందరికీ చూపించాలి, ఏది చూపించకూడదు, బొమ్మల మీద వచ్చే డబ్బు ఎవరికి చేరాలి అన్న ప్రశ్నల వెనక పెద్ద కథే ఉంది.

ఆ కథ అరండ చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్జిరాతో మొదలుపెట్టాలి. ఊరికి పడమరన ఉన్న హెర్మన్స్‌బర్గ్ లూథరన్ క్రైస్తవ మిషన్‌లో 1902లో పుట్టారు. 1936లో రెక్స్ బాటర్‌బీ అనే చిత్రకారుడికి దారి చూపిస్తూ, ఒంటెలు తోలుతూ వెంట వెళ్లి, బదులుగా వాటర్‌కలర్ నేర్చుకున్నారు. రెండేళ్లకే మెల్‌బోర్న్‌లో పెట్టిన ప్రదర్శనలో బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. ఆయన బొమ్మ ముందు కాసేపు నిలబడి చూడాలి. ముందువైపు తెల్లటి గోస్ట్ గమ్ చెట్టు, బెరడు మీద లేత ఊదా నీడలు. వెనక మెక్‌డొనెల్ కొండలు ఎరుపు నుంచి నీలంలోకి జారిపోతుంటాయి. అదంతా ఆయన పూర్వీకుల నేల.

ఆ నేల మీదే ఆయనకు చోటు లేదు. 1928 నుంచి 1964 దాకా ఆలిస్ స్ప్రింగ్స్ అబోరిజినల్ ప్రజలకు, అంటే ఆస్ట్రేలియా ఆదిమవాసులకు, నిషిద్ధ ప్రాంతం. పశువుల మేతకి భూమి లీజుకి అడిగితే ఇవ్వలేదు. ఊళ్లో ఇల్లు కట్టుకుంటానంటే కుదరదన్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం కట్టించుకున్నారు! 1957లో ఆయనకూ భార్య రుబీనాకూ పౌర హక్కులు ఇచ్చారు, పిల్లలకు ఇవ్వలేదు. మరుసటి ఏడాదే, ఆ హక్కులు లేని బంధువుకి మద్యం అందించారని కేసు పెట్టారు. ఉన్నది పంచుకోవడం ఆయన వాళ్లలో తప్పనిసరి బాధ్యత. చట్టం దాన్నే నేరం చేసింది. శిక్ష పడింది, రెండు నెలలు నిర్బంధంలో ఉన్నారు. 1959 ఆగస్టులో కన్నుమూశారు.

అన్యాయం అక్కడితో ఆగలేదు. బొమ్మల కాపీరైట్ చూసుకోవాల్సిన ప్రభుత్వ ట్రస్టీ 1983లో దాన్ని ఒక ప్రచురణ సంస్థకు 8,500 డాలర్లకు అమ్మేశారు. కుటుంబాన్ని అడగనేలేదు. దేశమంతా ఇళ్లలో ఆయన ప్రింట్లు వేలాడుతున్నా, మనవలకి రాయల్టీ రాలేదు. ఏళ్ల తరబడి పోరాడాక, 2017లో హక్కులు నమత్జిరా లెగసీ ట్రస్ట్‌కి తిరిగొచ్చాయి. కాపీరైట్ గడువు 2029తో ముగుస్తుంది. అంటే పోయిన 34 ఏళ్లకి బదులుగా వాళ్లకి దక్కింది పన్నెండేళ్లే.

రెండో కథ స్ట్రెలో కేంద్రానిది. మిషన్ పాస్టర్ కొడుకు టి.జి.హెచ్. స్ట్రెలో అరండ భాషలో పెరిగారు. 1932 నుంచి పాటలు, ఆచారాలు రికార్డు చేశారు. పెద్దలు నమ్మి ఎన్నో పవిత్ర వస్తువులు ఆయన చేతికిచ్చారు. 1978లో, దీక్ష పొందిన మగవాళ్లే చూడాల్సిన ఆచారాల ఫొటోలు జర్మన్ పత్రిక స్టెర్న్‌లో, తర్వాత ఆస్ట్రేలియా పత్రికలో అచ్చయ్యాయి. పెద్ద గొడవ అయింది. ఆ సేకరణను కాపాడటానికి 1991లో ఈ కేంద్రం తెరిచారు. ఆ వస్తువుల్ని ప్రదర్శనకి పెట్టరు. హక్కుదారుల్ని వెతికి తిరిగి అప్పగించే పని సాగుతోంది. సందర్శకుడికి ఇది వెలితి అనిపించొచ్చు. నాకు మాత్రం ఒక మ్యూజియం చేయగల అత్యంత నిజాయితీ గల పని ఇదే అనిపిస్తుంది.

1971లో పపున్యా అనే ఎడారి ఊళ్లో మొదలైన చుక్కల చిత్రకళ కూడా ఈ గొడవ తప్పించుకోలేదు. తొలి బొమ్మల్లో రహస్య గుర్తులు కనిపించాయని పెద్దలు అభ్యంతరం చెప్పాక, చిత్రకారులు ఏం చూపించాలో జాగ్రత్తపడ్డారు. 1972లోనే పపున్యా తులా పేరుతో సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో దాని గ్యాలరీ ఇప్పటికీ ఉంది. అరలూయెన్‌లో ఏటా జరిగే డెజర్ట్ మాబ్ ప్రదర్శనకీ అలాంటి, చిత్రకారుల సొంత ఆర్ట్ సెంటర్లే బొమ్మలు తెస్తాయి. 2010 నుంచి మరో చట్టం తోడైంది: బొమ్మ చేతులు మారి ఆర్ట్ మార్కెట్‌లో 1,000 డాలర్లు, ఆపైన పలికితే, గీసినవాళ్లకో వారసులకో 5 శాతం రావాలి.