బెదిరించారని ఎవరికి చెప్పుకోవాలి? గుర్తింపు సంఘం ఎన్నికల వెనక నూరేళ్ల కథ

2023 డిసెంబర్ 27న సింగరేణి బొగ్గు గనుల్లో గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం, ఎన్నికలు జరిగాయి. దాదాపు 40 వేల మంది ఓటర్లు, 11 ఏరియాలు, 13 సంఘాలు. అర్ధరాత్రి దాటాక తేలిన లెక్కలో సీపీఐ అనుబంధ ఏఐటీయూసీకి 16,177 ఓట్లు, కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీకి 14,178 ఓట్లు వచ్చాయి. తేడా 1,999. ఏరియాలవారీగా చూస్తే ఆరు చోట్ల గెలిచింది ఐఎన్‌టీయూసీ, ఐదు చోట్ల గెలిచింది ఏఐటీయూసీ. మొత్తం ఓట్లలో ముందున్నందుకు కంపెనీ స్థాయి గుర్తింపు ఏఐటీయూసీకి దక్కింది. ఆ ఆరు ఏరియాల్లో ప్రాతినిధ్య సంఘం (ఏరియా స్థాయిలో మాట్లాడే సంఘం) హోదా ఐఎన్‌టీయూసీకి వెళ్లింది.

పోటీ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఒక్కో గనిలో ఒక్కో షిఫ్టు ఓట్లూ లెక్కకొస్తాయి. అక్కడే ఒత్తిడి మొదలవుతుంది. బెదిరింపు అనగానే కర్రలు, కొట్లాటలు ఊహించుకుంటాం గానీ గని దగ్గర దానికి అంత హంగామా అక్కర్లేదు. సర్ఫేస్‌లో, అంటే గని పైన, పనిచేస్తున్న మనిషితో "మళ్లా కిందికి దిగుతవా ఏంది" అని ఎవరో నవ్వుతూ అన్నారనుకుందాం. ఇల్లూ పిల్లల చదువూ మందమర్రిలో ఉన్నవాడి దగ్గర ఎవరో బదిలీ మాటగా దూరాన ఉన్న భూపాలపల్లి పేరెత్తారనుకుందాం. విన్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. క్వార్టర్, మెడికల్ బోర్డు, కొడుక్కి రావాల్సిన డిపెండెంట్ ఉద్యోగం, ఇలా గని కార్మికుడి బతుకు చాలా సంతకాల మీద నడుస్తుంది. ఆ మాట అన్నవాడు అధికారే కావాలని కూడా లేదు. రేపు గెలుస్తుందనుకుంటున్న సంఘం పిట్ సెక్రటరీ, అంటే ఆ గనిలో సంఘం కార్యదర్శి, అయినా కావచ్చు.

మరి అలా అన్నారని ఎవరికి చెప్పుకోవాలి? ఎన్నికలు నడిపే కేంద్ర కార్మిక శాఖ అధికారికి అని ఎవరైనా చెబుతారు. జవాబు తప్పు కాదు. కానీ సింగరేణిలో ఈ ఎన్నికలు జరుగుతూ వచ్చింది పార్లమెంటు చేసిన చట్టం కింద కాదు, 1958 నాటి ఒక ఒప్పంద పత్రం కింద. అది తెలిస్తే ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతుందో కూడా అర్థమవుతుంది.

కథ సింగరేణి కంటే ముందు మద్రాసులో మొదలైంది. 1918 ఏప్రిల్ 27న పెరంబూరు ప్రాంతంలోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు బి.పి. వాడియా. మూడేళ్లు తిరగకముందే గొడవ ముదిరింది. మిల్లులు నడిపే బిన్నీ కంపెనీ మద్రాస్ హైకోర్టుకెళ్లి వాడియా మీద, ఆయన తోటివాళ్ల మీద ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంది. కార్మికులు కంపెనీతో ఉన్న పని ఒప్పందం తప్పేలా వీళ్లు పురికొల్పుతున్నారన్నది ఆరోపణ. కార్మికుడి మీద ఒత్తిడి తెస్తున్నారన్న ఫిర్యాదు ఆ తొలి రోజుల్లో కోర్టుకెక్కింది ఇలా, యాజమాన్యం తరఫున, సంఘం నాయకుల మీద. ఆ దెబ్బకు దేశమంతా ఉలిక్కిపడింది. 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది.

ఆ చట్టం సంఘాలకు రిజిస్ట్రేషన్ ఇచ్చింది, సమ్మె చేశారని నాయకుల్ని సివిల్ కోర్టుల చుట్టూ తిప్పకుండా కొంత రక్షణ ఇచ్చింది. ఒకే చోట నాలుగు సంఘాలుంటే యాజమాన్యం ఎవరితో మాట్లాడాలో మాత్రం చెప్పలేదు. 1947లో ఆ లోటు పూడ్చడానికి ఒక సవరణ చేశారు. యాజమాన్యం సంఘాన్ని గుర్తించి తీరాలి, ఫలానా పనులు అనుచితం అని అందులో రాశారు. సవరణ పాసయింది కానీ అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఏనాడూ రాలేదు. మన కార్మిక చట్టాల చరిత్రలో ఇంతకన్నా విచిత్రమైన అధ్యాయం నాకు కనిపించలేదు.

చట్టం చేయాల్సిన పనిని మర్యాదతో చేయించాలని చూశారు ఆ తర్వాత. గుల్జారీలాల్ నందా కార్మిక మంత్రిగా ఉండగా 1958 మేలో నైనిటాల్‌లో జరిగిన 16వ భారత కార్మిక సదస్సు క్రమశిక్షణ నియమావళిని ఆమోదించింది. అందరూ 'కోడ్ ఆఫ్ డిసిప్లిన్' అనేది దీన్నే. బలవంతం, బెదిరింపు, కక్షసాధింపు, గో-స్లో (కావాలని నెమ్మదిగా పనిచేయడం), ఈ నాలుగింటి జోలికీ ఇరుపక్షాలూ పోకూడదని అందులో ఉంది. సంఘంలో చేరే హక్కుకు యాజమాన్యం అడ్డుపడకూడదనీ ఉంది. అదే నెలలో ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్, యూటీయూసీ అనే నాలుగు జాతీయ కార్మిక సంఘాలు కలిసి తమలో తమకు ఇంకో నియమావళి రాసుకున్నాయి. ఏ సంఘంలో చేరాలో కార్మికుడి ఇష్టం, బలవంతం ఉండకూడదు, సంఘాల మధ్య దౌర్జన్యం, బెదిరింపు, వ్యక్తిగత దూషణ ఉండకూడదు అని అందులో ఒప్పుకున్నాయి. ఈ రెండో పత్రం గురించి ఇప్పుడెవరూ పెద్దగా మాట్లాడరు. బెదిరింపు యాజమాన్యం వైపు నుంచే కాదు, పక్క సంఘం నుంచి కూడా వస్తుందని సంఘాలే సంతకం పెట్టి ఒప్పుకున్న కాగితం అది. రెండిట్లో దేన్ని ఉల్లంఘించినా జైలు లేదు, జరిమానా లేదు.

ఏ సంఘానికి బలం ఎక్కువో తేల్చే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. నియమావళి కింద సభ్యత్వాల వెరిఫికేషన్ జరిగేది. చందా రసీదులు, రిజిస్టర్లు చూసి, అవసరమైతే కొందరు కార్మికుల్ని పిలిచి "నువ్వు ఏ సంఘం?" అని అడిగేవారు. పదిమంది చూస్తుండగా, పైఅధికారి కిటికీ అవతల ఉండగా, దీనికి నిజం చెప్పేదెవరు? ఏఐటీయూసీ రహస్య బ్యాలెట్ కావాలంది. ఐఎన్‌టీయూసీ వెరిఫికేషనే మేలంది. గజేంద్రగడ్కర్ నాయకత్వంలోని మొదటి జాతీయ కార్మిక కమిషన్ 1969లో ఈ పంచాయితీని తేల్చే పని స్వతంత్ర కమిషన్‌కు అప్పగించాలని సూచించింది. ఆ కమిషన్ రాలేదు. మహారాష్ట్ర మాత్రం 1971లో సొంత చట్టం చేసుకుని, యాజమాన్యాలూ సంఘాలూ చేసే అనుచిత పనుల మీద ఫిర్యాదు వినే అధికారం ఇండస్ట్రియల్ కోర్టులకు ఇచ్చింది. మన వైపు అలాంటిది లేదు.

దేశమంతటికీ వర్తించేలా బెదిరింపు నేరమైంది 1984 ఆగస్టు 21న. 1982లో చేసిన పారిశ్రామిక వివాదాల చట్ట సవరణ ఆ రోజు అమల్లోకి వచ్చింది. చట్టానికి అయిదో షెడ్యూల్ చేరింది. చదివితే రాసినవాళ్లకు ఫ్యాక్టరీ గేటు బాగా తెలుసనిపిస్తుంది. సంఘంలో చేరితే ఉద్యోగం తీసేస్తామనడం, సంఘం పెడితే మూసేస్తామనడం, సంఘం కట్టుకుంటున్న కీలక సమయంలో దాన్ని దెబ్బతీయడానికి జీతం పెంచడం, యాజమాన్య విధానం పేరు చెప్పి దురుద్దేశంతో బదిలీ చేయడం, ఒక సంఘం మీద పక్షపాతం చూపడం, అన్నీ అందులో ఉన్నాయి. సంఘాలు చేసే బలవంతానికీ ఒక భాగం ఉంది. అప్పటి శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అయితే అదే చట్టంలో 34వ సెక్షన్ ఉండేది. ప్రభుత్వం ఫిర్యాదు చేస్తేనే, లేదా ప్రభుత్వం అనుమతి ఇస్తేనే, కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోవాలని అందులో ఉండేది. బెదిరింపుకు గురైన కార్మికుడు నేరుగా కోర్టు మెట్లెక్కలేడు. ప్రభుత్వ కంపెనీలో ఆ ఫిర్యాదుకు అనుమతి ఇవ్వాల్సింది ఎవరో ఆలోచిస్తే కొంచెం నవ్వొస్తుంది కూడా. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. బొగ్గు గనులకు సంబంధించి ఈ చట్టం చెప్పిన 'తగిన ప్రభుత్వం' కేంద్రమే.

ఉద్యోగం పోతే దారి కొంత సుళువు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణ చేసి, తొలగించిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చంది. 2010లో దేశమంతటా అలాంటి వీలు వచ్చింది. 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా బదిలీకీ, బెదిరింపుకూ ఆ దారి లేదు. సహాయ లేబర్ కమిషనర్ దగ్గర వివాదం లేపాలి, రాజీ చర్చలు జరగాలి, కుదరకపోతే రిపోర్టు వెళ్లాలి, ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు పంపాలి అన్నట్టుండేది. ఇదంతా అయ్యేసరికి ఎన్నికలు అయిపోయి, గెలిచిన సంఘం పదవీకాలం కూడా అయిపోయేది. 'రక్షిత కార్మికులు' అని ఒక ఏర్పాటు ఉంది గానీ అది సంఘం పదవుల్లో ఉన్నవాళ్లకే, అదీ మొత్తం కార్మికుల్లో ఒక శాతానికే. కనీసం ఐదుగురు, గరిష్ఠంగా వందమంది. గేట్ మీటింగ్‌లో జెండా పట్టుకున్న మామూలు జనరల్ మజ్దూర్‌కు ఆ గొడుగు లేదు.

బెదిరింపును శిక్షించలేకపోతే దానికి అవకాశమే తగ్గించాలి. 1995లో సుప్రీంకోర్టు చేసింది అదే. ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఏ సంఘాన్ని గుర్తించాలన్న కేసులో ఇరుపక్షాలూ రహస్య బ్యాలెట్‌కు ఒప్పుకున్నాయి. చీఫ్ లేబర్ కమిషనర్ పర్యవేక్షణ, రిటర్నింగ్ అధికారి, ముందే అందరికీ కనిపించేలా ఓటర్ల జాబితా, అభ్యంతరాలకు గడువు, సంఘాలకు గుర్తులు, పోలింగ్‌లోనూ లెక్కింపులోనూ సంఘాల ప్రతినిధులు అంటూ కోర్టు ఒక పద్ధతి రాసిచ్చింది.

మూడేళ్లకు ఆ గాలి సింగరేణికి తగిలింది. 1990ల మొదట్లో అక్కడ ఏడాదికి వందల సమ్మెలు జరిగేవి. లెక్కలేనన్ని సంఘాలు ఉండేవి. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ అనుబంధ సంఘం సింగరేణి కార్మిక సమాఖ్య, అందరూ సికాస అనేది, బలంగా ఉండేది. 1992లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒకవైపు తుపాకీ నీడ, ఇంకోవైపు పోలీసు నీడ ఉన్న ఆ రోజుల్లో ఎవరు ఎవర్ని బెదిరించారన్నది కార్మిక శాఖ ఫైలులో తేలే సంగతి కాదు. అలాంటి చోట 1998 సెప్టెంబరులో తొలిసారి కార్మికులు రహస్యంగా ఓటేసి గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు. ఏఐటీయూసీ గెలిచింది. 2001లోనూ అదే. 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న 2012లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం, 2017లో కూడా అదే సంఘం. గుర్తింపు సంఘాలు ఇన్నిసార్లు మారాయంటే పోలింగ్ గదిలో కార్మికుడు తనకు నచ్చినట్టే ఓటేశాడని నేననుకుంటాను. బయట ఎంత టెన్షన్ ఉన్నా.

సింగరేణిలో గొడవలు ఎక్కువగా కోర్టుకెక్కింది ఓటు ఎలా వేయించారన్న దాని మీద కాదు, ఓటు ఎప్పుడు పెట్టాలన్న దాని మీద. 2017లో గెలిచిన సంఘానికి కాలపరిమితి రెండేళ్లా, నాలుగేళ్లా అని పెద్ద తగాదా నడిచింది. చివరకు 2023 అక్టోబర్ 28న అనుకున్న పోలింగ్ అసెంబ్లీ ఎన్నికల కారణంగా హైకోర్టు ద్వారా డిసెంబర్‌కు వాయిదా పడింది. అసలు ఎన్నికే పెట్టకపోవడం కూడా ఒక ఒత్తిడే కదా. గడువు తీరినా పదవిలో కొనసాగే సంఘం మీద ఫిర్యాదు చేసేందుకు ఎవరికి ధైర్యం వస్తుంది?

కచ్చితమైన చట్టం ఉన్నచోట పరిస్థితి ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోని అలబామా రాష్ట్రం, బెస్సెమర్‌లోని అమెజాన్ గోదాం చూడొచ్చు. అక్కడ 1935 చట్టం కింద ఏర్పడిన జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఎన్నికనే రద్దు చేసే అధికారం ఉంది. 2021లో సంఘం కావాలా వద్దా అని పెట్టిన పోస్టల్ బ్యాలెట్‌లో సంఘానికి అనుకూలంగా 738, వ్యతిరేకంగా 1,798 ఓట్లు పడ్డాయి. గోదాం ఆవరణలో కంపెనీ పెట్టించిన పోస్టు డబ్బా వల్ల, ఎవరు ఓటేస్తున్నారో కంపెనీ గమనిస్తోందన్న భావన కలిగిందని బోర్డు అధికారులు ఆ ఎన్నికను కొట్టేశారు. ఒక డబ్బా చాలింది. 2022లో మళ్లీ పెట్టిన ఓటింగ్‌లో అనుకూలంగా 875, వ్యతిరేకంగా 993 వచ్చాయి. 416 ఓట్లు వివాదంలో పడ్డాయి. 2024 నవంబరులో ఒక జడ్జి మూడోసారి ఎన్నిక పెట్టమన్నారు. ఫిర్యాదు వినేవాళ్లు ఉన్నారు, పరిష్కారానికి మాత్రం మూడేళ్లు దాటింది. ఈలోపు మొదటిసారి ఓటేసినవాళ్లలో ఎంతమంది ఆ గోదాంలో మిగిలి ఉంటారు?

మన దగ్గర 2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సంఘాల గుర్తింపు ఇప్పుడు తొలిసారి అమల్లో ఉన్న కేంద్ర చట్టంలోకి ఎక్కింది. మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో చర్చించే ఏకైక సంఘం. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గకుండా మద్దతున్న సంఘాలతో చర్చల మండలి. అనుచిత పనుల జాబితా రెండో షెడ్యూల్‌లో అలాగే ఉంది. తొలి తప్పుకు జైలు పోయింది, జరిమానా 10 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా పెరిగింది. ప్రభుత్వం ఫిర్యాదు చేస్తేనే కోర్టు వినాలన్న గొళ్లెం మాత్రం 87వ సెక్షన్‌గా మళ్లీ వచ్చి కూర్చుంది.

కొత్త లెక్కను 2023 ఫలితానికి తగిలించి చూస్తే మొదటి స్థానంలో ఉన్న ఏఐటీయూసీకి వచ్చింది ఓటర్లలో 41 శాతం లోపే, ఐఎన్‌టీయూసీకి 36 శాతం లోపే. ఏకైక సంఘం ఎవరూ కారు, ఇద్దరూ మండలిలో కూర్చోవాలి. అప్పుడు గెలవడానికి పోటీ కంటే 20 శాతం గీత దాటడానికే పోటీ ఎక్కువవుతుంది. గని దగ్గర ఆ మాటలు అనేవాళ్లు ఈసారి ఒకటో రెండో సంఘాల మనుషులే కాకుండా మూడో, నాలుగో సంఘాల మనుషులు కూడా అవుతారేమో.