అడవి బాటల్లో పాత కార్ల ట్రయల్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో చలికాలంలో అడవుల్లో జరిగే క్లాసిక్ కార్ ట్రయల్ వీడియోలు చూసి చాలామంది అదో రేసు అనుకుంటారు. కాదు. బురద, తడి ఆకులు, జారే రాళ్లు ఉన్న ఏటవాలు బాటను పాత కారుతో ఆగకుండా ఎక్కడమే అందులో పరీక్ష. 1901లో మొదలైన మోటార్ సైక్లింగ్ క్లబ్ ఎక్సెటర్, ల్యాండ్స్ ఎండ్, ఎడిన్‌బరో ట్రయల్స్‌ను నేటికీ నడుపుతోంది. డెవన్‌లోని సిమ్స్, బెగ్గర్స్ రూస్ట్ కొండల పేర్లు చెబితే అక్కడి డ్రైవర్లు ఇప్పటికీ జాగ్రత్త పడతారు.

అపోహ: వేగంగా ఎక్కినవాడే గెలుస్తాడు.

వాస్తవం: కొండ ఎక్కారా లేదా అన్నదే లెక్క. మధ్యలో ఆగినా, వెనక్కి జారినా ఫెయిల్. మామూలుగా ఒక్క ఫెయిలూ లేకపోతే గోల్డ్, ఒకటైతే సిల్వర్, రెండైతే బ్రాంజ్. టైమ్ చూసే చిన్న పరీక్షలు ఒకటో రెండో ఉంటాయి.

అపోహ: ఇంజిన్ పెద్దదైతే చాలు.

వాస్తవం: ఆస్టిన్ సెవెన్ అనే చిన్న పాత కారు ఇంజిన్ 747 సిసి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రయల్స్ కోసమే తయారైన డెల్లో కారులో ఉన్నది ఫోర్డ్ 1172 సిసి పాతరకం ఇంజిన్. అయినా ఇవి ఎక్కుతాయి, ఎందుకంటే బండి తేలిక, ఉన్న బరువులో ఎక్కువ భాగం ఇంజిన్ తిప్పే చక్రాల మీద పడుతుంది. వెనక ఇంజిన్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ఇక్కడ అంత పేరు రావడానికి కారణం ఇదే. దాని ఇబ్బందీ అక్కడే ఉంది: ముందు చక్రాలు తేలికై, వంపులో స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది.

అపోహ: టైర్లో గాలి ఎంత తీసేస్తే అంత పట్టు.

వాస్తవం: కొంతవరకే నిజం. గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ ఆనుతుంది, రాళ్ల మీద సాగి ఒదుగుతుంది. మరీ తీసేస్తే టైరు రిమ్ము మీద జరుగుతుంది. ట్యూబు టైరైతే ట్యూబు కూడా దాంతోపాటు జరిగి వాల్వు మొదట్లో తెగిపోతుంది. పదునైన రాయి తగిలితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. అందుకే చాలా కొండల దగ్గర నిర్వాహకులే కనీస గాలి ఇంత అని బోర్డు పెడతారు, మార్షల్ (కొండ దగ్గర నిలబడి చూసే నిర్వాహకుల మనిషి) కొలిచి చూస్తాడు. పెట్రోల్ బంకు గేజీ తక్కువ పాయింట్ల దగ్గర తప్పు చూపిస్తుంది కాబట్టి 0 నుంచి 30 పాయింట్ల దాకా చూపే చిన్న గేజీ సొంతంగా ఉండాలి. తగ్గించాల్సింది ఇంజిన్ తిప్పే చక్రాల్లోనే, రెండువైపులా సమానంగా. కొండ దిగాక మళ్లీ గాలి కొట్టకుండా రోడ్డెక్కితే టైరు పక్కలు వేడెక్కి దెబ్బతింటాయి.

అపోహ: చక్రం తిరుగుతూ బండి కదలకపోతే యాక్సిలరేటర్ ఇంకా తొక్కాలి.

వాస్తవం: చెడిపోయే బళ్లలో చాలావరకు ఇక్కడే చెడిపోతాయి. ఖాళీగా తిరిగే చక్రం తన కింద గుంట తవ్వుకుంటుంది. అలా తిరుగుతూ ఉన్నట్టుండి రాయి పట్టు దొరికితే ఆ కుదుపంతా హాఫ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు కడ్డీ) మీద పడుతుంది, పాతకాలం షాఫ్ట్ టక్కున విరుగుతుంది. పాదం కొంచెం వెనక్కి తీయండి, చక్రం నెమ్మదించి నేలను పట్టుకుంటుంది. గట్టి నేల మీద పలచటి బురద ఉన్నచోట మాత్రం కాస్త తిరగనివ్వడం మంచిదే, టైరు గాడుల్లో ఇరుక్కున్న మట్టి చిమ్మిపోతుంది.

అపోహ: కొండ మధ్యలో ఆపి మళ్లీ కదిలించే పరీక్ష (రీస్టార్ట్) అంతా అదృష్టమే.

వాస్తవం: ఎక్కడ ఆపారన్నదే ముఖ్యం. గుర్తు పెట్టిన గడి లోపల, ముందు బళ్లు తవ్విన గుంట వదిలి, వెనక చక్రాలు గట్టి రాయి మీదో చెట్ల వేర్లు లేని నేల మీదో ఉండేలా ఆపాలి. స్టీరింగ్ తిన్నగా, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా. మార్షల్ సైగ చేయగానే మొదటి గేరులో ఇంజిన్‌ను తక్కువ వేగంలోనే ఉంచి క్లచ్ మెల్లగా వదలాలి. బండి ముందుకు లాగుతోందని తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించాలి. వెనక్కి జారితే ఫెయిల్. ఆగి ఉన్న టైరుకున్న పట్టు, జారడం మొదలయ్యాక ఉండదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగువు ఆ ఉదయమే ఒక ఏటవాలు మీద చూసుకోవడం తప్పనిసరి.

అపోహ: పక్క సీటు మనిషి ఊరికే కూర్చుంటాడు.

వాస్తవం: క్లచ్ పట్టే క్షణానికి సరిగ్గా కిందికి ఊగి, వెనక ఇరుసు మీద బరువు వేసేది అతనే. ముందు చక్రాలు తేలుతుంటే ముందుకు వంగాలి. రూట్ కాగితం చదవడం, గాలి కొట్టడం కూడా అతని పనే.

అపోహ: ఎక్కలేకపోతే క్లచ్ తొక్కి బ్రేకు మీద కిందికి వచ్చేయొచ్చు.

వాస్తవం: ఇది ప్రమాదం. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు లాకయి బండి అడ్డం తిరుగుతుంది. రివర్స్ గేరు వేసి క్లచ్ పూర్తిగా వదిలి ఇంజిన్ పట్టు మీద దిగాలి. స్టీరింగ్ చాలా కొద్దిగా తిప్పాలి. అదీ వద్దనిపిస్తే మార్షల్ చెప్పేదాకా కదలకుండా ఉంటే ట్రాక్టరుతో లాగుతారు, అందుకే ముందూ వెనకా గట్టి కొక్కేలు ఉండాలి.

ఇంటికొచ్చాక చాసిస్ మూలల్లోని మట్టి అదే రోజు కడగండి, వదిలేస్తే ఆ మట్టి తేమను పట్టి ఉంచి తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. వాగు దాటిన బండైతే ఇరుసు ఆయిల్ ప్లగ్ కొంచెం వదులు చేసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చేయాలి.