ఒంటి వయసు లెక్క ఎక్కడ మొదలైంది?

'మీ అసలు వయసు తెలుసుకోండి' అనే ప్రకటనలు మళ్లీ ఫోన్లలో తిరుగుతున్నాయి. కిట్‌లో కాస్త ఉమ్మో, వేలి నుంచి రక్తపు చుక్కో పంపితే చాలట. మాకు తెలిసినాయన ఒకరు చేయించుకున్నారు. ఆధార్ ప్రకారం 41, రిపోర్టు ప్రకారం 47. ఆ ఆరేళ్లు ఎలా పెరిగాయని ఇంట్లో ఒకటే టెన్షన్. రిపోర్టు చివరి పేజీలో వయసు తగ్గించే మాత్రల జాబితా ఉంది, ధరలతో సహా.

ఇలాంటి కిట్లు వయసు లెక్కగట్టేది డీఎన్‌ఏ మిథైలేషన్‌ను బట్టి. దాని పాఠమంతా ఇక్కడ చెప్పుకోనక్కర్లేదు. జన్యువుల్లో అక్షరాలు మారవు. వాటి మీద చిన్న రసాయన గుర్తులు పడి, కొన్ని జన్యువుల జోరు తగ్గుతుంది. అంత గుర్తుంటే చాలు. అసలు మలుపు 2013లో వచ్చింది.

ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టీవ్ హోర్వాత్ 51 రకాల కణజాలాలు, కణాలకు చెందిన దాదాపు 8 వేల నమూనాల డేటా ముందేసుకుని కూర్చున్నారు. ఇలాంటి గుర్తులు పడగల చోట్లు మన డీఎన్‌ఏలో సుమారు 2.8 కోట్లు. అందులో 353 చూస్తే చాలు, వయసు పట్టేయొచ్చని తేల్చారు. సగం నమూనాల్లో తేడా 3.6 ఏళ్లలోపే. గొప్ప పనే, కాదనలేం. కానీ అప్పటిదాకా ఈ శాస్త్రం ఎక్కువగా అడిగింది 'వీళ్లకేం జరిగింది?' అని. ఆ తర్వాత 'నీ స్కోరెంత?' అనే ప్రశ్న బజారుకెక్కింది.

పాత ప్రశ్నకు నెదర్లాండ్స్‌ను మించిన ఉదాహరణ లేదు. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండి రవాణా అడ్డుకుంది. ఒక దశలో రేషన్ రోజుకు 400-800 కేలరీలకు పడిపోయింది. జనం తులిప్ దుంపలు తిన్నారు. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్ల రక్తాన్ని అరవై ఏళ్ల తర్వాత పరీక్షించారు. పోల్చింది పరాయివాళ్లతో కాదు, ఆ కరువు తగలని సొంత తోబుట్టువులతో. ఎదుగుదలకు అవసరమైన ఐజీఎఫ్2 జన్యువు మీద గుర్తులు తక్కువున్నాయని బాస్ హైమాన్స్, లూమీ అనే పరిశోధకుల బృందం 2008లో చెప్పింది. ఆకలే ఆ గుర్తుల్ని మార్చిందా, లేక అలాంటి గుర్తులున్న పిండాలే బతికి బట్టకట్టాయా అని ఆ పరిశోధకులే 2018లో అనుమానపడ్డారు. తమ ఫలితాన్ని తామే అలా గుచ్చి చూసే ఓపిక ప్రకటనల్లో కనపడదు.

మనకు దగ్గరి కథ పుణె పక్క పల్లెలది. 1993లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ అక్కడి గర్భిణులను గమనించడం మొదలుపెట్టారు. పుట్టిన బిడ్డలు సగటున 2.7 కిలోలు. చూడటానికి పీలగా ఉన్నా చర్మం కింద కొవ్వు మాత్రం తగ్గలేదు. తల్లుల్లో మూడింట రెండొంతుల మందికి బి12 తక్కువ. ఫోలేట్ ఎక్కువై బి12 తక్కువైన తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మిథైల్ గుర్తులకు సరుకు అందించడంలో ఈ రెండు విటమిన్లదీ పెద్ద పాత్ర. ఆ దారిలోనే హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చాందక్ బృందం పనిచేసింది. బి12 ఇచ్చిన పిల్లల్లో షుగర్‌తో ముడిపడిన జన్యువుల మీద గుర్తులు మారినట్టు 2018లో చూపించింది. ఈ లెక్కలో తల్లి కంచంలో బి12 దొరికే పాలు, గుడ్డు ఉన్నాయా లేదా అన్నదే ప్రశ్న. ఎవరి స్కోరూ లేదు.

కిట్లు అమ్మేవాళ్ల వాదనకూ ఓ ఆధారం ఉంది. 2021లో 43 మంది మగవాళ్లతో చేసిన చిన్న ప్రయోగంలో ఎనిమిది వారాలు తిండి, నిద్ర, వ్యాయామం మార్చుకున్నవాళ్ల 'వయసు' మిగతావాళ్లకంటే సగటున 3.23 ఏళ్లు తగ్గింది. అయితే పేరున్న ఆరు వయసు లెక్కల్ని 2022లో పరీక్షిస్తే, ఒకే నమూనాను రెండుసార్లు కొలిచినప్పుడు తొమ్మిదేళ్ల దాకా తేడా వచ్చింది. మాకు తెలిసినాయన ఆరేళ్లు అందులోనే ఇమిడిపోతాయి.

అలవాట్ల విషయంలో తిరుగులేని సాక్ష్యం పొగాకుది. దాదాపు 16 వేల మంది మీద 2016లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, మానేసిన ఐదేళ్లలో చాలా గుర్తులు ఎన్నడూ తాగనివాళ్ల స్థాయికి వస్తాయి. కొన్ని ముప్పై ఏళ్లకూ పోవు. ఆ తెలిసినాయన రోజుకు ఐదు సిగరెట్లు కాలుస్తారు. రిపోర్టులో ఆ ఊసే లేదు.