కఫం రంగు మారితే

డిసెంబరు చలి మొదలైతే అనంతపురం గడియార స్తంభం చుట్టుపక్కల మందుల దుకాణాల్లో ఒకే మాట పదేపదే వినిపిస్తుంది: "అన్నా, మొన్నటిదాకా నీళ్లలా కారింది. ఇప్పుడు చిక్కగా, పచ్చగా పడుతోంది. యాంటీబయాటిక్ ఏదైనా ఇవ్వు." రంగు మారిందంటే బ్యాక్టీరియా చేరిందని మనందరి లెక్క. ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

ముక్కుపొరలో వైరస్ చేరిన చోటికి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా తరలివస్తాయి. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము దట్టంగా ఉంటుంది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లాగే దీనిలోనూ ఇనుము ఉంది, కానీ దీని రంగు ఆకుపచ్చ. ఆ కణాలు చచ్చి కఫంలో కలిసేకొద్దీ రంగు ముదురుతుంది. రాత్రంతా లోపలే నిలిచినది కాబట్టి తెల్లవారి మొదట ఉమ్మేది మరీ చిక్కగా ఉంటుంది. ఇదంతా ఉత్త వైరస్ జలుబులోనూ జరిగేదే. వైరస్‌ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

ఒళ్లునొప్పుల సంగతి ఇంకా చిత్రం. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను కనుగొన్నారు. వైరస్ సోకిన కణం దీన్ని వదిలి ఇరుగుపొరుగు కణాలను అప్రమత్తం చేస్తుంది. తర్వాతి కాలంలో దీన్నే హెపటైటిస్-సి అనే కాలేయ వ్యాధి రోగులకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఫ్లూ వైరస్ ఒంట్లో లేకుండానే చాలామందికి జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు వచ్చాయి, అచ్చం ఫ్లూలాగే! మనల్ని మంచాన పడేయడంలో మన ఒంటి వాటా తక్కువేమీ కాదన్నమాట.

ఇన్నేళ్లు వచ్చినా మళ్లీ జలుబు ఎందుకు చేస్తుంది? జలుబు తెచ్చే వైరస్‌లలో ముఖ్యమైన రైనోవైరస్‌లలోనే 160కి పైగా రకాలున్నాయి. ఒకదానికి తయారైన యాంటీబాడీ (వైరస్‌ను పట్టుకునే రక్షక ప్రోటీన్) ఇంకోదాన్ని సరిగా పట్టలేదు. కొత్త రకం వస్తే టి-కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణాలు), యాంటీబాడీలు సిద్ధమయ్యేసరికి సుమారు వారం పడుతుంది. పాత రకమైతే దాన్ని గుర్తుపెట్టుకున్న జ్ఞాపక కణాలు త్వరగా లేస్తాయి. ఒక్కోసారి వచ్చిపోయిన సంగతే మనకు తెలియదు.

వైరస్ పోయాక కూడా వాపు తగ్గని శ్వాసనాళం కొన్నాళ్లు దగ్గిస్తూనే ఉంటుంది. వేరుశనగ నూర్చే దుమ్ములో నిలబడేవాళ్లకు అది ఇంకా ఇబ్బంది. అయితే దగ్గు రెండు వారాలు దాటితే కఫాన్ని క్షయ పరీక్షకు ఇవ్వాలి; ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి అదే రోజు వెళ్లాలి, కఫం తెల్లగానే ఉన్నా సరే.