స్కోప్ అప్‌గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

రైఫిళ్లకి గురి చూసే స్కోపులు బిగించి జీరో చేసివ్వడం, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా సరిచేయడం నా పని. పాత స్కోప్ తీసేసి మంచిది వేయించుకుందామని వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఎన్ని ఎక్స్ (ఎన్ని రెట్లు పెద్దగా చూపే జూమ్) తీసుకోమంటారు అనే అడుగుతారు, నిజానికి అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ఖరీదైన స్కోప్‌లో మీ డబ్బు పోయేది ఎక్కువగా రెండిటికి: దెబ్బ మీద దెబ్బ తగిలినా లోపలి భాగాలు పెట్టినచోటే ఉండటానికి, సందె చీకట్లో బొమ్మ మసకబారకుండా ఉండటానికి. జూమ్‌దేముంది, చవక స్కోపుల్లో కూడా బోలెడంత ఇస్తారు.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: జూమ్ పెంచేకొద్దీ కనిపించే మేర తగ్గిపోతుంది. 100 మీటర్ల దూరంలో 3 ఎక్స్‌లో పది పన్నెండు మీటర్ల వెడల్పు కనిపిస్తే 12 ఎక్స్‌లో మూడు మీటర్లు కూడా కష్టమే, పొదలోంచి పంది బయటికొచ్చి పక్కకి తిరిగిందంటే అది ఎక్కడుందో వెతుక్కోవడమే సరిపోతుంది. పైగా మీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది, ఎండలో నేల మీంచి లేచే వేడిగాలి కూడా అంతే. 200 మీటర్ల లోపు వేటకి 3-9 ఎక్స్ గానీ 2-10 ఎక్స్ గానీ చాలు. నడిచేటప్పుడు మాత్రం అన్నిటికంటే కింది నంబర్ మీద పెట్టుకుని నడవండి, జంతువు దూరంగా ఉంటే పెంచుకోవడానికి టైం ఉంటుంది, దగ్గర్లో లేస్తే తగ్గించుకోవడానికి ఉండదు.

అపోహ: ముందు లెన్స్ పెద్దదైతే చీకట్లో బాగా కనిపిస్తుంది.

వాస్తవం: కొంతవరకే. లెన్స్ సైజుని జూమ్‌తో భాగిస్తే వెనకనుంచి కంటికి వచ్చే కాంతి వృత్తం సైజు వస్తుంది. రాత్రి వేటకి 8×56 (8 ఎక్స్ జూమ్, 56 మిల్లీమీటర్ల ముందు లెన్స్) అంత పేరు తెచ్చుకుంది ఇందుకే, 56ని 8తో భాగిస్తే 7 మిల్లీమీటర్లు, కుర్రాళ్ల కంటిపాప చీకట్లో సుమారు అంత తెరుచుకుంటుంది. వయసు మీదపడ్డాక చాలామందికి 5 దగ్గరే ఆగిపోతుంది, అలాంటప్పుడు అదే 8 ఎక్స్‌లో 40 మిల్లీమీటర్ల లెన్స్ ఇచ్చే వెలుతురే కంట్లోకి పోతుంది, మిగతాది కంటిపాప చుట్టూ పడి వృథా. కావాలంటే చూడండి, స్కోప్‌ని వెలుతురున్న గోడ వైపు పెట్టి (సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా వద్దు) చేయి చాపి వెనకనుంచి చూస్తే ఐపీస్‌లో చిన్న తెల్లటి బిళ్ల కనిపిస్తుంది, జూమ్ తిప్పుతుంటే అది పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది, స్కేలు పెట్టి కొలవచ్చు కూడా. బాగా కింది జూమ్‌లో కొన్ని స్కోపులకి ఈ భాగహారం సరిగ్గా రాదు, పైన మాత్రం కరెక్టుగానే వస్తుంది.

పెద్ద లెన్స్‌తో ఇంకో తలనొప్పి, స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు ఎత్తువి వేయాలి, అప్పుడు చెంప స్టాక్‌కి (రైఫిల్‌ని భుజానికి ఆనించే వెనక భాగానికి) ఆనదు, తల గాల్లో పెట్టి గురి చూడాల్సొస్తుంది. లెన్స్ మీద పెట్టిన డబ్బు అక్కడే పోయినట్టు.

అపోహ: 30 మిల్లీమీటర్ల ట్యూబ్ అయితే వెలుతురు ఎక్కువొస్తుంది.

వాస్తవం: రాదు. ఒక అంగుళం ట్యూబ్‌ కంటే అడ్జస్ట్‌మెంట్‌కి చోటు ఎక్కువుంటుంది, కాస్త గట్టిగానూ ఉంటుంది, అంతే.

అపోహ: డబ్బా మీద 99 శాతం అని రాశారు కదా, అంత వెలుతురూ వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ 99 ఒక్కో గాజు ఉపరితలానికి చెప్పే లెక్క అయ్యుండొచ్చు, అడిగి తెలుసుకోండి. లోపల ఎనిమిది అద్దాలున్నాయనుకోండి, గాలికి తగిలే ముఖాలు పదహారు, ఒక్కోచోట 1 శాతం పోతే చివరికి మిగిలేది 85. కోటింగే (వెలుతురు వెనక్కి తిరిగిపోకుండా అద్దం మీద వేసే పల్చటి పూత) లేకపోతే ఒక్కో ముఖం దగ్గర 4 శాతం దాకా పోతుంది, అంటే దాదాపు సగం వెలుతురు దారిలోనే హుళక్కి. ఈ కోటింగ్ విద్య 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టింది. అయితే 90కీ 93కీ తేడా మామూలు కంటికి తెలీదు. మంచి స్కోప్‌లో తెలిసేది కాంట్రాస్ట్, సూర్యుడు ఎదురుగా దిగుతున్నప్పుడు కూడా బొమ్మ మీద పాలు పోసినట్టు తెల్లగా కమ్మకుండా ఉండటం. అందుకే షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి కొనొద్దు, సాయంత్రం బయటికి తీసుకెళ్లి చెట్ల నీడలోకి చూడనిస్తారేమో అడగండి.

అపోహ: స్కోప్ మంచిదైతే చాలు, రింగులు ఏవైనా పర్లేదు.

వాస్తవం: జీరో నిలవట్లేదని నా దగ్గరకొచ్చే రైఫిళ్లలో చాలావాటికి స్కోప్‌లో ఏ లోపం ఉండదు. రింగ్ మూత తీస్తే ట్యూబ్ మీద మెరిసే గీత ఉంటుంది, ప్రతి షాట్‌కీ స్కోప్ కొంచెం కొంచెం ముందుకి జారిన గుర్తు అది. లేదంటే రింగుల కింద రైఫిల్‌కి బిగించే బేస్ స్క్రూలు చేత్తో తిరుగుతుంటాయి, వాటి రంధ్రాల్లో తుపాకీ నూనె అలాగే ఉంటుంది. నూనె పూర్తిగా తుడిచి, బేస్ స్క్రూలకి లాక్ చేసే జిగురు ఒక్క చుక్క వేసి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించాలి. రింగ్ స్క్రూలకి మామూలుగా 2 న్యూటన్ మీటర్ల దగ్గర్లో ఉంటుంది, తయారీదారు ఇచ్చిన లెక్కే ఫైనల్. గట్టిగా ఉండాలని బలమంతా పెట్టి బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది, జూమ్ రింగ్ తిరగడం బరువైందంటే అక్కడే అనుమానించాలి. స్కోప్ కంటికి ఎంత దూరంలో ఉండాలనేది కూడా వేటకి వేసుకునే మందపాటి కోటు తొడుక్కుని చూసుకోవాలి, చొక్కా మీద సెట్ చేస్తే కోటు వేసుకున్న రోజు తల వెనక్కి జరిగి చుట్టూ నల్లటి నీడ వస్తుంది.

అపోహ: కొత్త స్కోప్ వేస్తే గ్రూప్ (ఒకే గురికి కొట్టిన గుండ్లు కాగితం మీద పడే గుంపు) దానంతటదే చిన్నదైపోతుంది.

వాస్తవం: స్కోప్ బ్యారెల్‌ని మార్చదు. ముందు స్టాక్ స్క్రూలు, బేస్ చూసి, వేరే రకం తూటాలతో కూడా కొట్టి చూడండి, చాలాసార్లు ఖర్చు అక్కడే తప్పిపోతుంది. అప్పటికీ గుండ్లు చెదురుతుంటే స్కోప్‌ని అనుమానించొచ్చు. లోపలి స్ప్రింగ్ బలహీనమైతే టరెట్ (స్కోప్ మీద గురి సరిచేసే గుండ్రటి మీట) తిప్పినప్పుడు గురి కదలదు, రెండు షాట్ల తర్వాత ఉన్నట్టుండి జరుగుతుంది.

అపోహ: క్లిక్ గట్టిగా వినిపిస్తే టరెట్ మంచిది.

వాస్తవం: శబ్దానికీ కొలతకీ సంబంధం లేదు. 100 మీటర్ల దగ్గర పొడవాటి కాగితం మీద నిలువు గీత గీసి కింద చుక్క పెట్టండి, చుక్కకే గురిపెట్టి కొన్ని గుండ్లు, 50 క్లిక్కులు పైకి తిప్పి మళ్లీ అదే చుక్కకి గురిపెట్టి కొన్ని. 0.1 మిల్ టరెట్ (మిల్, ఎంఓఏ రెండూ కోణాన్ని కొలిచే లెక్కలు) అయితే ఒక్కో క్లిక్ 1 సెంటీమీటర్, అంటే రెండు గ్రూపుల మధ్య 50 సెంటీమీటర్లు రావాలి. పావు ఎంఓఏ అయితే క్లిక్‌కి 7.3 మిల్లీమీటర్లు, 36 సెంటీమీటర్లు పైచిలుకు రావాలి. తర్వాత వెనక్కి తిప్పితే గుండు మొదటిచోటే పడాలి, అది మరీ ముఖ్యం.

అపోహ: షాపువాళ్లు బోర్ సైట్ (కాల్చకుండానే స్కోప్‌ని గొట్టం చూసే వైపుకి కలపడం) చేసిచ్చారు, ఇక జీరో అక్కర్లేదు.

వాస్తవం: అది మొదటి గుండు కాగితం మీద పడటానికి మాత్రమే. ముందు 25 మీటర్ల దగ్గర, తర్వాత 100 దగ్గర, వేటకి వాడే తూటాలతోనే జీరో చేసుకోవాలి.

అపోహ: నైట్రోజన్ నింపిన స్కోప్‌కి ఆవిరి పట్టదు.

వాస్తవం: లోపల పట్టదు. బయట అద్దం మీద మీ ఊపిరే చాలు పట్టడానికి.

అపోహ: మంచి స్కోప్ ఉంటే బైనాక్యులర్ దండగ.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగానే భయమేస్తుంది. స్కోప్‌లోంచి చూస్తున్నారంటే గొట్టం అటే ఉన్నట్టు, పొద వెనక కదిలింది జింకో మనిషో తెలియకముందే తుపాకీ దాని మీద ఉంటుంది. స్కోప్ బడ్జెట్‌లో కొంత కోసేసైనా సరే 8×42 బైనాక్యులర్ ఒకటి తీసుకుని మెళ్లో వేసుకోండి, వెతకడం దాంతో, అదేంటో ఖాయంగా తేలాకే రైఫిల్ భుజానికి.